కటి కండరాల నొప్పికి చేతి చికిత్స: నా అనుభవం

రెండో కాన్పు తరువాత రెండేళ్ళకు పైగా నన్ను కుర్చీలో స్థిమితంగా కూర్చోనివ్వని నొప్పికి, ఈ సంవత్సరం ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా చెన్నైలో చికిత్స చేయించుకున్నాను. ఆ నొప్పి కటి కండరాలది, అంటే తుంటి ఎముకల మధ్య అడుగున ఉండి మూత్రసంచినీ గర్భసంచినీ మోసే కండరాలది. చికిత్స థెరపిస్టు చేత్తో, ఒంటి బయటా లోపలా మెల్లగా ఒత్తి చేసేది. వెళ్ళే ముందు మన వైపు ఆడవాళ్ళెవరైనా దీని గురించి తెలుగులో రాశారేమోనని ఎంతో వెతికాను. కాన్పు తరువాత నడుం కట్టుకోవడం గురించీ, పథ్యం గురించీ కావలసినంత దొరికింది గాని, ఆ గదిలోకి వెళ్ళాక ఏం చేస్తారు, ఎక్కడ చెయ్యి వేస్తారు, వద్దంటే ఊరుకుంటారా, ఎంత ఖర్చవుతుంది అన్న వాటికి జవాబు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలులో సైన్సు టీచర్ని.

2023 మార్చిలో నెల్లూరులో బాబు పుట్టాడు. నొప్పులు చాలాసేపు పడి, చివరికి వాక్యూమ్ పెట్టి తీశారు. కుట్లు పడ్డాయి. ఆరు వారాల తరువాత చూపించుకుంటే కుట్లు బాగా మానాయన్నారు. కూర్చుంటే వెనక ఎముక దగ్గర పొడుస్తోందని చెబితే, బాలింతకు అది మామూలే, నాలుగు నెలల్లో సర్దుకుంటుందన్నారు. నేను నమ్మాను, ఇంట్లో అందరూ నమ్మారు. సెప్టెంబరులో ప్రసూతి సెలవు ముగిసి బడికి వెళ్ళేనాటికి ఆ నొప్పి తగ్గకపోగా, దానికి ఇంకో రెండు తోడయ్యాయి. బడిలో పాఠం మధ్యలో బయటికి వెళ్ళాల్సినంత తరచుగా మూత్రం వచ్చేది. భార్యాభర్తల కలయిక భరించలేనంత నొప్పిగా మారింది. మొదటి రెండూ అమ్మతో చెప్పుకోగలిగాను. మూడోది ఎవరితోనూ చెప్పలేదు. రాత్రి పనులన్నీ అయ్యాక కూడా వంటింట్లోనే ఏదో సర్దుతున్నట్టు ఆలస్యం చేసేదాన్ని. నాకు ఆయన మీద ఇష్టం పోయిందని మా వారు అనుకున్నారట. ఆ మాట ఆయన నోటి నుంచి విన్నది చాలా కాలం తరువాత.

ఆ తరువాతి ఏడాదిన్నర గురించి ఎక్కువ రాయను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్స్ వాడించారు. కల్చర్ పరీక్ష చేయించిన ప్రతిసారీ క్రిములేమీ పెరగలేదనే వచ్చింది, అయినా మందులు మాత్రం ఆగలేదు. స్కానింగ్ నార్మల్. నడుముకు ఎమ్మారై తీయిస్తే 7,000 రూపాయలయింది, అదీ నార్మల్. రిపోర్టులన్నీ ముందు పెట్టుకుని ఒక డాక్టరు గారు, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, టెన్షన్ ఎక్కువై ఉంటుందమ్మా అని నిద్రమాత్ర రాసిచ్చారు. ఇంకొకరు కటి కండరాలు వదులై ఉంటాయని, వాటిని బిగపట్టి వదిలే కెగెల్ వ్యాయామం చెయ్యమన్నారు. శ్రద్ధగా చేశాను. చేసిన కొద్దీ నొప్పి పెరిగింది. పెరిగిందని చెబితే, సరిగా చేసి ఉండరు, ఇంకా ఎక్కువసేపు బిగపట్టండన్నారు. తెలిసినవాళ్ళు చెప్పారని ఒక మర్దన కేంద్రానికీ వెళ్ళాను. జారిన గర్భసంచిని చేత్తో పైకి ఎక్కిస్తామనీ, 15,000 రూపాయలు ముందే కట్టాలనీ అక్కడి మనిషి అంది. నా రిపోర్టులు చూడలేదు, ఏం చేస్తారో చెప్పమంటే పడుకోమంది. నేను లేచి వచ్చేశాను.

దారి దొరికింది ఈ జనవరిలో. నెల్లూరు పొగతోటలో ఒక లేడీ డాక్టరు గారు రిపోర్టులన్నీ పక్కన పెట్టి, ఇంతవరకు ఎవరైనా కండరాన్ని వేలితో నొక్కి చూశారా అని అడిగారు. ఎవరూ చూడలేదు. ఆవిడ నా అనుమతి తీసుకుని, లోపల ఎడమ పక్కన ఒకచోట మెల్లగా నొక్కగానే, కుర్చీలో కూర్చున్నప్పుడు వచ్చే నొప్పే అచ్చంగా వచ్చింది. నా కండరాలు వదులు కాలేదని, బిగుసుకుని వదలలేకపోతున్నాయని ఆవిడ చెప్పారు. లంగా బొందు ముడి బిగుసుకున్నప్పుడు ఇంకా లాగితే ఏమవుతుందో, మీరు చేసిన కెగెల్ వ్యాయామంతో అదే జరిగిందన్నారు. స్కానింగు, ఎమ్మారై చూసేది వేరు, ఈ బిగువు వాటిలో కనబడకపోవచ్చు, అంత మాత్రాన నొప్పి లేదని కాదన్నారు. ఆ మాటకు నేను అక్కడే ఏడ్చేశాను. రోగం పేరు తెలిసినందుకు కాదు, నా మాట నమ్మిన మనిషి దొరికినందుకు.

ఆవిడే చెన్నైలో ఒక థెరపిస్టుకు చీటీ రాసిచ్చారు. అపాయింట్‌మెంట్ కోసం దాదాపు మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. ఆ థెరపిస్టు ఫిజియోథెరపీలో పీజీ చేసి, స్త్రీల కటి సమస్యల మీదే పని చేస్తూ, ఆపైన కండరాలనూ కీళ్ళనూ చేత్తో ఒత్తి, కదిపి చేసే ఆస్టియోపతీ పద్ధతిలో చేతి చికిత్స నేర్చుకున్నారు. ఈ వివరం నేను ఫోన్లోనే అడిగి తెలుసుకున్నాను, మీరూ తప్పక అడగండి. అమెరికాలో ఆస్టియోపతీ పట్టా ఉన్నవాళ్ళు మందులు రాసి ఆపరేషన్లు కూడా చేయగల పూర్తి స్థాయి డాక్టర్లు. మన దగ్గర ఆ పేరుతో బోర్డు ఉన్నంత మాత్రాన వాళ్ళు ఏం చదివారో తెలియదు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), ఎంపీటీ (అందులో పీజీ) లాంటి గుర్తింపు పొందిన చదువు ఉందా, ఇలాంటి రోగులను రోజూ చూస్తున్నారా అన్నదే అసలు ప్రశ్న.

ప్రయాణం సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే కూర్చోలేని మనిషికి అదే పెద్ద పరీక్ష. పొద్దున కావలిలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్ చేరుకోవచ్చు గాని, చికిత్స ముగించుకుని అదే రోజు తిరుగు పినాకిని అందుకోవడం కుదరదు. అందుకని రాత్రికి సూళ్ళూరుపేటలో పిన్ని వాళ్ళింట్లో ఆగేదాన్ని. చెన్నై నుంచి అక్కడికి లోకల్ రైలు ఉంది. దారిలో కూర్చోవడానికి మందుల షాపులో గుండ్రటి గాలి ట్యూబు కొన్నాను. అది నాలాంటి తోక ఎముక నొప్పికి అంత మంచిది కాదని, వెనక వైపు కోసినట్టు ఖాళీ ఉండే ఏటవాలు మెత్త వాడమని థెరపిస్టు మేడమ్ చెప్పారు. అది 1,100 రూపాయలు. నిజానికి నాకు చికిత్స కన్నా ముందు ఊరటనిచ్చింది ఆ మెత్తే.

ఫిబ్రవరిలో రెండో శనివారం సెలవు చూసుకుని మొదటిసారి వెళ్ళాను. మా వారు తోడు వచ్చారు. ముందురోజు రాత్రి నిద్ర పట్టలేదు. చెయ్యి పెట్టి చికిత్స అంటే మంచం మీద పడుకోబెట్టి వెంటనే మొదలుపెడతారనుకున్నాను. ముప్పావు గంట వరకు ఆవిడ నన్ను ముట్టుకోనే లేదు. కాన్పు ఎలా జరిగింది, మలబద్ధకం ఉందా, కాపర్‌టీ వేయించుకున్నారా, జ్వరం గాని, రక్తస్రావం గాని, ఇన్‌ఫెక్షన్ గాని ఇప్పుడు ఉన్నాయా, గర్భం వచ్చే అవకాశం ఉందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ఆవిడది తమిళం, నాది తెలుగు. నాయుడుపేట వైపు నుంచి వచ్చిన సహాయకురాలు ఒకమ్మాయి మధ్యలో ఉండి తెలుగులో చెప్పింది.

ఆ ప్రశ్నల్లో ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. బడిలో ఉన్నంతసేపు ఎన్నిసార్లు మూత్రానికి వెళతారు, అక్కడ పూర్తిగా కూర్చుంటారా అని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కాన్పు దాకా నేను పొద్దున ఇంట్లో వెళితే మళ్ళీ సాయంత్రం ఇంటికి వచ్చాకే వెళ్ళేదాన్ని. నీళ్ళు కూడా అందుకే తాగేదాన్ని కాదు. తప్పనిసరైతే ఆ మరుగుదొడ్డిలో ఆనకుండా సగం వంగి కానిచ్చేదాన్ని. మాలో చాలామంది ఆడ టీచర్లు చేసేది అదే. అలా వంగినప్పుడు ఆ కండరం పూర్తిగా వదలదనీ, రోజంతా బిగపట్టడం దానికి అలవాటైపోతుందనీ మేడమ్ చెప్పారు. కాన్పు ఒక్కటే కారణం కాదు, అంతకు ముందు నుంచే నా శరీరం ఇందుకు సిద్ధమై ఉందని అప్పుడు అర్థమైంది. బడిలో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవడం ఆడపిల్లలకూ టీచర్లకూ ఆరోగ్య సమస్య అని ఆ రోజు నుంచి ప్రతి సమావేశంలోనూ అంటున్నాను.

తరువాత వెల్లకిలా పడుకోబెట్టి, పక్కటెముకల కింద అరచేతులు ఆనించి ఊపిరి పీల్చమన్నారు. నా ఊపిరికి ఛాతీ పైభాగమే లేచింది, పొట్ట కదల్లేదు. పక్కటెముకల అంచు వెంట వేళ్ళతో నెమ్మదిగా ఒత్తుతూ, పొత్తికడుపు, తుంటి, తొడల లోపలి పక్క, నడుం కింద, తోక ఎముకకు పైన ఉండే త్రికాస్థి వరకు చూశారు. ఊపిరి లోపలికి వెళ్ళినప్పుడు పైన ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర) కిందికి దిగితే, దానితోపాటే కటి అడుగున ఉన్న కండరాలు కూడా కొంచెం దిగి వదలాలనీ, నాకు ఆ కదలికే లేదనీ చెప్పారు. ప్లాస్టిక్ కటి బొమ్మ తెచ్చి ఏ కండరం ఎక్కడ ఉందో చూపించారు. మానవ శరీరం పాఠం ఇన్నేళ్ళుగా చెబుతున్నదాన్ని, ఈ కండరాల గురించి నా పుస్తకాల్లో ఒక్క వాక్యమూ చదివిన గుర్తు లేదు.

లోపలి పరీక్షకు ముందు అయిదు నిమిషాలు ఆగారు. ఒక్క వేలితోనే చూస్తానని, గ్లవుజు, జెల్లీ వాడతానని, రబ్బరు పడదా అని, సహాయకురాలు ఉండాలా వద్దా, మా వారు లోపలికి రావాలా బయటే ఉండాలా అని అడిగారు. నడుం నుంచి కిందికి దుప్పటి కప్పారు. ఎప్పుడైనా కుడిచెయ్యి ఎత్తండి చాలు, కారణం చెప్పనక్కర్లేదు, ఆపేస్తాను అన్నారు. ఈ మాట నిజమో కాదో చూద్దామని కాదు గాని, భయమేసి మొదట్లోనే చెయ్యి ఎత్తాను. ఆవిడ వెంటనే ఆపి, గ్లవుజు తీసేసి, ఈ రోజుకు ఇంతవరకే చేసినా ఫర్వాలేదన్నారు. కాన్పు నాడు అంతమంది పరీక్షించారు, ఒక్కరూ అడగలేదు. నాకు తెలియకుండానే ఒళ్ళు వదులైంది. కాసేపటికి నేనే చూడమన్నాను.

లోపల నొప్పి ఏ చోటో చెప్పడానికి గడియారపు ముఖం లాగా పైన పన్నెండు, కింద ఆరు అని గుర్తు పెట్టుకుంటారు. మూడు దగ్గర నొప్పి లేదు. అయిదు దగ్గర వేలు ఆనగానే తోక ఎముక దాకా సూటిగా పాకింది. నొప్పికి పది మార్కులకు ఎన్ని అని అడిగితే ఎనిమిదన్నాను. వేలిని అక్కడే, ఇంకా గట్టిగా నొక్కకుండా, అలాగే ఉంచి, ఊపిరిని ఆ వేలి వైపు పంపుతున్నట్టు పీల్చమన్నారు. నిమిషం, నిమిషంన్నర గడిచి ఉంటుంది. ఎనిమిది ఆరయింది, తరువాత నాలుగయింది, వేలి కింద బిగుసుకున్న దారపు కండె లాంటిదేదో సన్నగా వణికి కరిగినట్టు నాకే తెలిసింది. అక్కడి నుంచి తుంటి లోపలి కండరానికి వెళ్ళి, మోకాలిని బయటికి ఒత్తమని అదీ చూశారు. కుట్లు పడిన చోట మచ్చను వేలితో అటూ ఇటూ కదిపారు. అదే అన్నింటికన్నా మండింది. మొత్తం లోపలి చికిత్స పది నిమిషాలకు మించలేదు.

రెండు రోజులు కండరాలు పులిసినట్టు ఉంటుందని, గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోమని, జ్వరం గాని రక్తస్రావం గాని కనబడితే మాత్రం ఆగకుండా ఫోను చెయ్యమని చెప్పి పంపారు. నిజంగానే రెండు రోజులు పులిసింది, మూడో రోజు తెల్లవారాక పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ కూర్చుంటే చాలాసేపటి వరకు కుర్చీ గుర్తు రాలేదు. సంతోషం నాలుగు రోజులే. అయిదో రోజుకు నొప్పి తిరిగొచ్చింది. ఇది ముందే చెప్పి ఉండకపోతే అక్కడితో మానేసేదాన్ని.

ఇంటి దగ్గర చెయ్యాల్సిన పని ఎక్కువ. మూడు రోజుల పాటు కొలపాత్రలో మూత్రం కొలిచి, వేళ, పరిమాణం రాయమన్నారు. సరిగ్గా కొలిస్తే చాలాసార్లు 80, 100 మిల్లీలీటర్లే వచ్చింది. మామూలుగా 300, 400 మిల్లీలీటర్లు నిలుపుకోగల సంచి అది. నిండకుండానే వెళ్ళాలనిపించడం కండరం పంపే తప్పుడు కబురని మేడమ్ అన్నారు. అనిపించిన వెంటనే వెళ్ళకుండా పావుగంట ఆగడం, తరువాత అరగంట ఆగడం నేర్చుకున్నాను. ఎందుకైనా మంచిదని బయటికెళ్ళే ముందు వెళ్ళే అలవాటు మానమన్నారు. కెగెల్ పూర్తిగా ఆపించారు. బాలాసనం, మోకాళ్ళు ఛాతీకి తెచ్చుకుని పొట్టలోకి ఊపిరి పీల్చడం, ఇవి రోజుకు రెండుసార్లు. వేసవి నుంచి, లోపల పెట్టుకునే సిలికాన్ గొట్టాల (డైలేటర్ల) సెట్టుతో మచ్చ దగ్గర, లోపలి కండరాల దగ్గర నేనే సాధన చేసుకునేలా నేర్పారు. ఆ సెట్టు 2,500 రూపాయలు.

సైన్సు టీచర్ని కాబట్టి రెండోసారి వెళ్ళినప్పుడు దీనికి రుజువేమిటని అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. 2012లో వెలువడిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. మూత్రాశయపు నొప్పి ఉండి కటి కండరాలు కూడా నొక్కితే నొప్పెట్టే 81 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇలాంటి చికిత్స, రెండో జట్టుకు ఒళ్ళంతా మామూలు మర్దన చేశారట. మొదటి జట్టులో 59 శాతం, రెండో జట్టులో 26 శాతం తమకు మెరుగైందన్నారు. అంటే అందరికీ తగ్గలేదు. పక్కటెముకలు, త్రికాస్థి దగ్గర చేసే ఆస్టియోపతీ ఒత్తిడికి అంత బలమైన రుజువు లేదనీ, శరీరం వదులు కావడానికి సాయపడుతుందని చేస్తాననీ, ఎముకలను జరుపుతున్నానని మాత్రం ఎప్పుడూ చెప్పననీ అన్నారు. ఆ నిజాయితీ వల్లే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

ఏప్రిల్ 23 వరకు పక్షానికోసారి వెళ్ళాను. మహిళా ఉద్యోగులకిచ్చే ప్రత్యేక సెలవులు కూడా దీనికే వాడేశాను. సెలవు చీటీలో కారణం రాయడానికి మొదట జంకినా, తరువాత కాన్పు తరువాతి చికిత్స అని స్పష్టంగా రాశాను. వేసవి సెలవుల్లో పిల్లలతో సూళ్ళూరుపేటలోనే ఉండి వారానికోసారి చేయించుకున్నాను. మే నెలలో తోక ఎముకను వెనక దారి గుండా చూడాల్సి రావచ్చన్నారు. వద్దన్నాను. సరేనని దాని ఊసెత్తలేదు. నెల తరువాత నేనే అడిగి చేయించుకున్నాను. మొహమాటం ఎక్కువ, నొప్పి తక్కువ. కూర్చునేటప్పటి పోటు సగానికి పైగా తగ్గింది ఆ తరువాతే.

మా వారిని ఒకసారి కూర్చోబెట్టి మేడమ్ అరగంట మాట్లాడారు. నొప్పికి శరీరం ముందుగానే బిగుసుకుంటుందనీ, అది తిరస్కారం కాదనీ, కొన్ని నెలలు కలయిక అన్న ఆలోచనే పక్కన పెట్టమనీ చెప్పారు. తిరుగు ప్రయాణంలో గూడూరు దాటేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు. తరువాత, నాతో ఎందుకు చెప్పలేదు అని మాత్రం అడిగారు. ఆ రాత్రి నుంచి మా మధ్య భయం పోయింది. నొప్పి పోవడానికి ఇంకా మూడు నెలలు పట్టింది. అత్తయ్యకు నేను చెప్పడానికి జంకాను, ఆయనే చెప్పారు. ఆవిడ విని, నాకూ మీ ఆయన పుట్టాక ఏళ్ళ తరబడి ఇలాగే ఉండేదమ్మాయ్, ఎవరితో చెప్పుకోను అన్నారు. చికిత్సకు వెళ్ళిన రోజుల్లో బాబును చూసుకున్నది ఆవిడే.

జులైలో దగ్గు జ్వరం వచ్చి, దగ్గీ దగ్గీ నొప్పి దాదాపు మొదటికొచ్చింది. నెలల శ్రమ నీళ్ళపాలైందని కుంగిపోయాను. మేడమ్ వీడియో కాల్‌లో చూసి, ఇది మొదటి నుంచి మొదలవడం కాదు, పాత దారి తెలిసిన కండరం త్వరగానే వదులుతుందన్నారు. మూడు వారాల్లో అదే జరిగింది. ఆగస్టు నుంచి, కండరం పూర్తిగా వదలడం నేర్చాక, అప్పుడు బిగించే వ్యాయామం మొదలుపెట్టించారు. అదే కెగెల్, ఈసారి హాని చెయ్యలేదు.

ఖర్చు: మొదటి సిట్టింగుకు 1,800 రూపాయలు, తరువాత ప్రతిసారీ 1,200, వీడియోకు 600. ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీ లేదు. రైలు, ఆటో, మెత్త, గొట్టాలు అన్నీ కలిపి 40,000 దాటింది. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్న వైద్యం కాబట్టి నాకు బీమా వర్తించలేదు. అంతకు ముందు పరీక్షలకూ యాంటీబయాటిక్స్‌కూ పోసింది ఇంతకన్నా ఎక్కువే.

ఇప్పుడు నవంబరు. పరీక్ష పేపర్లు దిద్దడానికి మెత్త లేకుండా రెండు గంటలు కూర్చోగలుగుతున్నాను. పగలు మూత్రానికి ఏడుసార్లకు మించి లేవడం లేదు. గతుకుల దారిలో స్కూటీ మీద ఎక్కువ దూరం వెళితే ఇంకా తెలుస్తోంది, నెలసరికి ముందు రెండు రోజులు కూడా. చివరి సిట్టింగు అక్టోబరులో అయింది. జనవరిలో సంక్రాంతి సెలవులకు ఒకసారి వచ్చి చూపించుకోమన్నారు. వెళ్ళదలచినవాళ్ళు పాత రిపోర్టులు, కాన్పు నాటి డిశ్చార్జి కాగితం, మూడు రోజుల మూత్రపు లెక్క వెంట తీసుకెళ్ళండి. నెలసరి రోజుల్లో లోపలి చికిత్స వద్దనుకుంటే తేదీ మార్చమని ముందే ఫోను చేస్తే మా మేడమ్ మార్చేవారు. భర్తను గాని, అమ్మను గాని, ఎవరినైనా ఒకరిని తోడు తీసుకెళ్ళండి. తిరుగు ప్రయాణంలో సంచీ మోయడానికైనా మనిషి కావాలి.